పిల్లలతో హాలోవీన్ గుమ్మడికాయ చెక్కడం: మీ ఇళ్ళల్లో ఎలా చేస్తున్నారు?

ఫ్రిస్కో_అమ్మ:
పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి నాలుగు. పోయినేడు ఉత్సాహం ఆగక అక్టోబర్ 20కే చెక్కేశాం. హాలోవీన్ రోజు 31 వచ్చేసరికి లోపలంతా నల్లటి బూజు, ముఖం కుంగి నోరు మూసుకుపోయింది. తను గీసుకున్న బొమ్మ అలా అయిందని పాప చాలా బాధపడింది. ఈసారి అలా కాకూడదు. ఎప్పుడు మొదలుపెట్టాలి? నాలుగేళ్ళవాడికి ఏ పని అప్పజెప్పాలి?

హ్యూస్టన్_నాన్న:
మన టెక్సస్ ఎండకి 29 లోపు కత్తి పెట్టకండి. కోసిన కాయ ఇక్కడ మూడు నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. కోసిన అంచులకి వాజలీన్ రాస్తే త్వరగా వడలదు.

తొడిమ దగ్గర మూత కొయ్యడం మేం మానేశాం. అడుగున గుండ్రంగా కోసి తీసేస్తే చాలు, దీపం నేలమీద పెట్టి కాయని దానిమీద పెట్టెయ్యొచ్చు. తొడిమ వైపే కొయ్యాలనుకుంటే కత్తిని లోపలికి ఏటవాలుగా పట్టండి. నిటారుగా కోస్తే మూత జారి లోపల పడుతుంది.

మీ బాబుకి గోకే పని ఇవ్వండి. మావాడు ఐదేళ్ళప్పుడు ఐస్‌క్రీం స్కూప్ పట్టుకుని అరగంట కదల్లేదు. బొమ్మ వచ్చే వైపు గోడ అంగుళం మందానికి దిగాలి, లేకపోతే కిట్‌లో వచ్చే చిన్న రంపం ఇరుక్కుంటుంది. లోపల కొవ్వొత్తి వద్దు, బ్యాటరీ దీపం పెట్టండి.

ఎడిసన్_ముగ్గు:
మా అనుభవం వేరేలా ఉంటుంది. పోయినేడు అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చారు. మా అమ్మాయి రంపం అందుకోగానే అమ్మ ఆపేసింది: "ఆడపిల్లలు గుమ్మడికాయ మీద మొదటి గాటు పెట్టకూడదే, తాతయ్యని పిలువు." నాన్న వచ్చి ఒక గాటు పెట్టి ఇచ్చారు. అమ్మ మాట నిలిచింది, పిల్ల పనీ ఆగలేదు. నాకు అది నచ్చింది.

తర్వాత అమ్మ స్కెచ్ పెన్ తీసుకుని కాయ మీద ముగ్గు చుక్కలు పెట్టింది. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేవరకు. మొత్తం 37. మావారు పావు అంగుళం బిట్‌తో ఒక్కో చుక్కా డ్రిల్ చేస్తుంటే పాప పైకి లెక్కపెట్టింది. గీతల్ని ఆరపార కొయ్యలేదు, సన్న ఉలితో పైతొక్క మాత్రం లేపాం. రాత్రి దీపం పెడితే చుక్కలు తెల్లగా, గీతలు తేనెరంగులో వెలిగాయి. పక్కింటి ఐరిష్ పెద్దాయన చూసి, వాళ్ళ ఊళ్ళో పూర్వం టర్నిప్ దుంపల్ని చెక్కేవారని మా అమ్మకి చెప్పారు. ఇద్దరూ ఆ వరండాలో చాలాసేపు నిలబడ్డారు.

ఫ్రిస్కో_అమ్మ:
ఎంత బాగుందో! చుక్కలు దగ్గరైతే మధ్యలో విరగదా?

ఎడిసన్_ముగ్గు:
రెండు చుక్కల మధ్య వేలెడు సందు వదలండి. డ్రిల్ మాత్రం పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి.

బే_ఏరియా_అమ్మ:
నేనైతే ఐదేళ్ళలోపు పిల్లలకి రంపం అసలు ఇవ్వను. రంగులు ఇస్తాను. కొయ్యని కాయ వారాల తరబడి ఉంటుంది, పిల్లలు రోజూ దాని దగ్గరికి వెళ్ళి ముద్దుచేస్తారు. మా చిన్నాడికి వేరుశెనగ పడదు, అందుకే మా గుమ్మం ముందు ఒక కాయకి నీలి ఆకుపచ్చ రంగు వేస్తాం. "ఇక్కడ తిండి కాని బహుమతులూ ఉన్నాయి" అని దాని అర్థం. ఫుడ్ అలర్జీ రీసెర్చ్ అండ్ ఎడ్యుకేషన్ సంస్థ 2014లో దీన్ని అమెరికా అంతటా ప్రచారంలోకి తెచ్చింది. స్టిక్కర్లు, పెన్సిళ్ళు, చిన్న బంతులు పెట్టండి. హాలోవీన్ రాత్రి మిఠాయిల కోసం ఇంటింటికీ తిరిగి ఏమీ తినలేక వచ్చే పిల్లల ముఖం నేను చూశాను, దయచేసి ఒక్క కాయైనా పెట్టండి.

అట్లాంటా_వంటిల్లు:
చెక్కే పెద్ద కాయ దప్పళానికి పనికిరాదు, నీళ్ళగా, పీచుపీచుగా ఉంటుంది. పులుసుకి వంటకి వాడే చిన్న గుమ్మడికాయ ("పై పంప్‌కిన్" అని అమ్ముతారు) విడిగా కొనండి. గింజలు మాత్రం పారెయ్యొద్దు. కడిగి, బాగా ఆరబెట్టి, నూనె, ఉప్పు, కారం పట్టించి ఓవెన్‌లో వేయించండి. గింజల నుంచి పీచు విడదీసే పని పిల్లలకి భలే ఇష్టం.

ఫ్రిస్కో_అమ్మ:
నవంబర్ 1. అందరికీ కృతజ్ఞతలు. 29 సాయంత్రం చెక్కాం, కాయ ఇప్పటికీ గట్టిగానే ఉంది. పాప ఐదు చుక్కల ముగ్గు వేసింది. బాబు గోకడం అయ్యాక తన కాయ మీద తనే ముఖం గీశాడు, మూడు కళ్ళతో. సరిదిద్దకుండా అలాగే కోశాను. నిన్న రాత్రి వచ్చిన ప్రతి పిల్లాడికీ మూడో కన్ను ఎందుకో విడమర్చి చెప్పాడు: "రోడ్డు దాటేటప్పుడు చూసుకోవడానికి."