అప్‌డేట్: తాతగారి ఫొటో సంజీవరెడ్డిగారు రాష్ట్రపతి పదవి నుంచి దిగిన తరువాతిదే

కొవ్వూరు రేవులో మా తాతగారు నీలం సంజీవరెడ్డిగారికి నమస్కరిస్తున్న పాత ఫొటో ఏ కాలం నాటిదో, అద్దానికి అతుక్కుపోయిన దానిని ఎలా విడదీయాలో కిందటి నెల ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

అది ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న రోజులదని మా ఇంట్లో అందరూ నమ్మేవారు. వెనుక కనిపిస్తున్న వంతెనను గమనించమన్న సలహాయే చిక్కు విప్పింది. పైన రోడ్డు, కింద రైలు పట్టాలు ఉన్న ఆ వంతెన 1974లో గాని వాడుకలోకి రాలేదు కాబట్టి, ఫొటో అంతకు ముందుది కావడానికి వీల్లేదు.

నీళ్లలో నానబెట్టమన్న సలహాను మాత్రం భయపడి పాటించలేదు. రాజమహేంద్రవరంలోని ఒక స్టూడియోవారు, వానాకాలపు చెమ్మకు పైపూత మెత్తబడి అద్దానికి అంటుకుందని, లాగితే బొమ్మే ఊడివస్తుందని చెప్పి, అద్దంతో సహా స్కాన్ చేసి ఇచ్చారు. ఫ్రేము వెనుక అట్ట తీసినప్పుడు తాతగారి దస్తూరీతో ‘1983 సంక్రాంతి’ అని కనిపించింది. అంటే 1982 జూలైలో రాష్ట్రపతిగా సంజీవరెడ్డిగారి పదవీకాలం ముగిసిన ఆరు నెలలకన్నమాట.