గ్రిజే 'పార్సియెల్' ఆరంభం కడుతుంటే స్వరాలు కలవడం లేదు

ఫ్రెంచ్ స్వరకర్త జెరార్ గ్రిజే 1975లో రాసిన 'పార్సియెల్' అనే వాద్య రచన ఆరంభాన్ని ఆడియో ఎడిటర్‌లో సొంతంగా కట్టి అర్థం చేసుకుందామని చూస్తున్నాను. ట్రాంబోన్ (ఇత్తడి ఊదు వాద్యం) కింది స్థాయి 'ఇ' స్వరం మోగగానే, అందులో దాగిన హార్మోనిక్స్‌ను (మూల స్వరపు పౌనఃపున్యానికి రెండు, మూడు, నాలుగు రెట్లుగా ఉండే పై స్వరాలను) మిగతా వాద్యాలు పైపైకి అందుకుంటాయి. ఒక్క స్వరాన్ని విప్పి ఎదుట పరిచినట్టు ఉంటుంది, ఎన్నిసార్లు విన్నా ఒళ్లు జలదరిస్తుంది.

82.4 హెర్ట్జ్ నుంచి మొదలుపెట్టి పదకొండో హార్మోనిక్ దాకా సైన్ తరంగాలు (ఒకే పౌనఃపున్యం ఉండే శుద్ధ స్వరాలు) పెట్టాను. మొదట మామూలు పియానో శ్రుతిలో పెడితే ఏడోది 587.3 దగ్గర పడి గరగరలాడింది. దాన్ని 576.8కి, పదకొండోదాన్ని 906.4కి దించాక ఆ గొడవ పోయింది.

అసలు చిక్కు ఇప్పుడుంది. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఆర్గన్‌లా మోగుతోంది. కింది నుంచి పైకి 100 మిల్లీసెకన్ల ఎడంతో పెడితే పదకొండు ఈలలు విడివిడిగా వినిపిస్తున్నాయి. ఒక్కోదాని వాల్యూమ్ 3 డెసిబెల్స్ చొప్పున తగ్గించుకుంటూ పోయినా అంతే. హెడ్‌ఫోన్స్ మార్చి చూశాను, తేడా లేదు.

ఇవన్నీ కలిసి ఒకే ట్రాంబోన్ స్వరంలా వినిపించాలంటే హార్మోనిక్‌కీ హార్మోనిక్‌కీ మధ్య ఎన్ని మిల్లీసెకన్ల ఎడం పెట్టాలి?