కొత్తగా టోక్యో వచ్చాను, జపనీస్ సొంతంగా నేర్చుకోవడం ఎలా?

అందరికీ నమస్కారమండి. విజయవాడ నుంచి వచ్చి టోక్యోలోని నిషికసాయిలో దిగాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆఫీసులో అంతా ఇంగ్లీషే. యాప్ పెట్టుకుని హిరగానా అనే మొదటి అక్షరమాల వరకు నేర్చుకున్నా, తర్వాత ఊపు పోయింది. ఇంటికొచ్చేసరికి పుస్తకం తెరిచే ఓపిక ఉండట్లేదు, క్లాసులకి టైమ్ లేదు. సొంతంగా చదువుకున్నవాళ్ళు ఎలా చేశారో కాస్త చెప్తారా?

జవాబు:
తమ్ముడూ, ముందు ఆ ఇంగ్లీష్ మీదుగా వెళ్ళడం ఆపెయ్. యాప్‌లన్నీ ఇంగ్లీష్ వాళ్ళ కోసం చేసినవి, వాళ్ళకి క్రియ చివర్న రావడమే పెద్ద వింత, మనకి అదేం వింత? కినో తబెత గొహన్, నిన్న తిన్న అన్నం, మాటకి మాట అదే వరస. తబెతె మిరు అంటే తిని చూడడం, మిరు అంటే నిజంగానే చూడడం. కత్తె ఒయిత అంటే కొని పెట్టాను, ఒయితకి మూలం ఒకు, అది కూడా మన పెట్టడమే. కురు తొ ఇత్త అంటే వస్తానని చెప్పాడు, ఆ తొ మన "అని". పుస్తకంలో పేజీలకి పేజీలు వివరించేది నీకు అమ్మ చెప్పిన భాషలోనే ఉంది, కొత్త వాక్యం కనపడగానే తెలుగులో పక్కన రాసుకో, ఇంగ్లీష్‌లో వద్దు. పైగా వచ్చాను వచ్చాడు వచ్చింది అని క్రియ మార్చే పని కూడా లేదు, అన్నిటికీ కిత ఒక్కటే.

ఉచ్చారణ కూడా అంతే. ఒబసన్ అంటే పిన్ని వయసావిడ, ఒబాసన్ అంటే బామ్మ. కితె అంటే రా, కిత్తె అంటే స్టాంపు. దీర్ఘాలు ఒత్తులు మనకి పుట్టుకతో వచ్చినవే కాబట్టి రోమన్ అక్షరాల్లో అస్సలు చదవకు, తెలుగులో రాసుకున్నా పర్లేదు, వీలైనంత త్వరగా కానాలోకి, అంటే హిరగానా, కటకానా అక్షరాల్లోకి వెళ్ళిపో.

ఇక ఊపు సంగతి, పుస్తకం తెరిచే ఓపిక లేనప్పుడు రోజూ ఎలాగూ వెళ్ళే చోటే చదువు పెట్టుకో. కొంబినిలో, అంటే వీధి చివరి చిన్న సూపర్‌మార్కెట్లో, క్యాషియర్ అడిగేవి నాలుగైదు ప్రశ్నలే. ఫుకురొ వ గొరియో దెస్ క అంటే సంచీ కావాలా, అతతమెమస్ క అంటే వేడి చెయ్యమంటారా. కావాలంటే ఒనెగై షిమస్, వద్దంటే దైజోబు దెస్. అన్నిటికీ హై (అవును) అనేస్తే సంచీకి కూడా డబ్బులు పడతాయి, 2020 జూలై నుంచి ప్లాస్టిక్ సంచీలకి డబ్బు తీసుకుంటున్నారు కదా. ఈ వారం ఆ రెండూ చెవిన పడితే చాలు, వచ్చే వారం ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో చెప్పే కాలెండర్ చదువు.

పిల్లలున్నవాళ్ళకి ఇంకోటి, డాక్టర్ దగ్గర నొప్పి ఎలా ఉందో చెప్పాలంటే జుకిజుకి అంటే సలుపుతోంది, చికుచికు అంటే సూదులు గుచ్చినట్టు. తళతళ గలగల అనే మనకి ఇవి ఇట్టే పట్టుబడతాయి, జ్వరంతో ఉన్న బిడ్డని ఎత్తుకుని నిలబడ్డప్పుడు ఈ రెండు మాటలు ఎంత ధైర్యమిస్తాయో నాకు తెలుసు.

ఇంకో జవాబు (కవాసాకి నుంచి):
పైన అక్క చెప్పింది నిజమే కానీ కంజి, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి గుర్తులు, వదిలేస్తే ఎక్కడో ఆగిపోతాం తమ్ముడూ. వాడుకకి గుర్తించిన కంజీలు 2136 ఉన్నాయి, ఆ అంకె చూసి బెదరకు, నీ స్టేషన్ దగ్గరే మొదలుపెట్టు. నిషికసాయిలో నిషి అంటే పడమర, నువ్వెక్కే తొజాయి మెట్రో లైన్‌లో జాయి కూడా అదే కంజి, తో అంటే తూర్పు, మొత్తానికి తూర్పుపడమర లైను. ఒకే గుర్తుకి రెండు ఉచ్చారణలుంటాయని బోర్డు చూస్తేనే తెలిసిపోతుంది, పట్టికలు బట్టీ పట్టక్కర్లేదు. నోరులా ఉండే చదరపు గుర్తు గుచి, కితగుచి ఉత్తర ద్వారం, దెగుచి బయటికి వెళ్ళే దారి. చూసినవి అంకి అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో వేసుకో, కొత్తవి రోజుకి పదికి మించనివ్వకు, పాతవి మళ్ళీ చూసే రివ్యూలు పేరుకుంటేనే అందరూ వదిలేస్తారు.

పరీక్ష పెట్టుకోవడం మంచిదే, జపాన్‌లో జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్ష జూలై డిసెంబర్ నెలల్లో జరుగుతుంది, దరఖాస్తులు కొన్ని నెలల ముందే అయిపోతాయి చూసుకో. హైలీ స్కిల్డ్ వీసా పాయింట్ల లెక్కలో ఆ పరీక్ష ఎన్2 స్థాయికి 10 పాయింట్లు, అన్నిటికంటే పైదైన ఎన్1 కి 15. కాకపోతే ఆ పరీక్షలో మాట్లాడించరు, అన్నీ ఆప్షన్లు గుర్తించడమే, అందుకే ఎన్2 ఉండి కూడా ఇంటి ఓనర్‌తో ఫోన్‌లో మాట్లాడలేనివాళ్ళు ఉంటారు. రోజూ ఒక వాక్యం బయటికి అను.

అక్క మళ్ళీ:
మాట్లాడడానికి కుయకుషోలో (వార్డు ఆఫీసులో) అడుగు, చాలా వార్డుల్లో వాలంటీర్లు నడిపే జపనీస్ తరగతులుంటాయి, ఎక్కువగా రిటైరైన పెద్దవాళ్ళు చెప్తారు, ఫీజు తక్కువ, ఓపిక ఎక్కువ. పుస్తకం కావాలంటే జపాన్ ఫౌండేషన్ వాళ్ళ ఇరొదొరి అనే పాఠ్యపుస్తకం పీడీఎఫ్, ఆడియో రెండూ ఉచితం. ట్రైన్‌లో విను, ఏ వాక్యం దగ్గర ఆగిపోయావో ఇక్కడ పెట్టు, తెలుగులో ఎలా కూర్చుకోవాలో చెప్తాం.