చెడ్డ కొవ్వుతో మందు పంపించొచ్చా? పలాసలో ఈ పరిశోధన కావాలా?

కంచిలి మాస్టారు: రక్తంలో కొవ్వును మోసే ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ రేణువుల్లోనే మందు నింపి పంపడంపై ఎన్నో ఏళ్లుగా పరిశోధన ఉంది. అవి ఒంట్లో పుట్టినవే కాబట్టి శరీరం పరాయివాటిలా చూడదు. చాలా క్యాన్సర్ కణాలు ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా లాక్కుంటాయి. పలాస కిడ్నీ పరిశోధన కేంద్రంలో ఈ పని మొదలెట్టాలంటాను.

సోంపేట శీను: ఎల్‌డీఎల్ అంటే చెడ్డ కొలెస్ట్రాల్ కదా మాస్టారూ. తగ్గించుకోమని మాత్రలిస్తుంటే మీరు ఎక్కించమంటారేటి?

కంచిలి మాస్టారు: ఎక్కువైతేనే చెడ్డది బాబూ. దాన్ని కణం లోపలికి తీసుకునే గ్రాహకాన్ని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ ఇచ్చారు.

సోంపేట శీను: నోబెల్ సరే. మా నాన్నకి స్టెంట్ వేసింది దేనివల్ల మరి?

ఫార్మసీ అమ్మాయి, విజయనగరం: స్టెంట్ గొడవ పక్కన పెట్టండి. ఎల్‌డీఎల్ సైజు 20 నానోమీటర్ల పైమాటే, కిడ్నీ వడపోత దాన్ని దాటనివ్వదు. ఎక్కువ భాగం కాలేయానికే పోతుంది. పైగా దాత రక్తం నుంచి తీయాలి, బ్యాచ్ బ్యాచ్‌కీ తేడా. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణమే పూర్తిగా తేలలేదు. అందులో ఏ మందు నింపుతారు సార్?

పలాస కుర్రోడు: 2021లో మా బావకి బ్లాక్ ఫంగస్. కొవ్వు బుడగల్లో పెట్టిన ఆంఫోటెరిసిన్ ఎక్కడా దొరకలేదు, మామూలుది ఎక్కించారు. కిడ్నీ దెబ్బతిని క్రియాటినిన్ పెరిగిపోయింది.

కంచిలి మాస్టారు: నేను చెప్పేదీ అదే! కొవ్వులో పెడితే కిడ్నీకి దెబ్బ తగ్గుతుంది.

ఫార్మసీ అమ్మాయి, విజయనగరం: అది లైపోజోమ్ సార్, ఫ్యాక్టరీలో చేసిన కొవ్వు బుడగ. మీరన్న సహజ రేణువు కాదు.

పలాస కుర్రోడు: ఏదైతే ఏటి మేడమ్? ఉన్న మందే మాకు అందలేదు. మా ఊళ్లో ఎవరెవరో వచ్చి రక్తం, నీళ్లు పట్టుకెళ్లారు. మా రిపోర్టులు మా చేతికి రాలేదు. రేపు మీ కొత్త మందు మొదట ఎవరి మీద వేస్తారో తెలీదా?

కంచిలి మాస్టారు: అంటే ఇక్కడ డయాలసిస్ కుర్చీలు తప్ప ఇంకేం రాకూడదా? మా అమ్మాయి బయోటెక్ చదివి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటోంది. ఇక్కడో ల్యాబ్ ఉంటే పోయేదా?

ఫార్మసీ అమ్మాయి, విజయనగరం: ఇది ముందే చెప్పాల్సింది సార్. ల్యాబ్ కావాలంటే నేనూ మీతోనే. ఎల్‌డీఎల్ పేరెందుకు?

పలాస కుర్రోడు: పెట్టండి. పాత రిపోర్టులు ఇచ్చాకే మళ్లీ రక్తం అడగండి.

సోంపేట శీను: చెడ్డ కొలెస్ట్రాల్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.