కొత్త సెమీ-ప్రైవేట్ గోల్ఫ్ కోర్సు: ఇప్పుడే సభ్యత్వం తీసుకోవాలా, కొన్నాళ్లు గ్రీన్ ఫీజు కట్టి ఆడి చూడాలా?

బోగీ బాటసారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 18 హోళ్ల కోర్సు, తెరిచి మూడు నెలలైంది. సభ్యులు ఆడతారు, బయటివాళ్లూ ఒక్కో రౌండ్‌కు గ్రీన్ ఫీజు కట్టి ఆడొచ్చు. తొలి విడత సభ్యులకు ప్రవేశ రుసుము తగ్గిస్తామంటున్నారు, గడువు ఈ నెలాఖరు. నా హ్యాండిక్యాప్ ఇండెక్స్ (ఆట స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే మంచి ఆట) 19.6. నెలకు మూడు నాలుగు రౌండ్లు, అందులో సగం సాయంత్రాలే.

సంతకం పెట్టేముందు కాగితంలో ఏమేం చూడాలి? గ్రీన్లు (హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి నేల) రాయిలా ఉన్నాయి, వెడ్జ్‌తో (బంతిని పైకి లేపే క్లబ్) ఎత్తుగా కొట్టినా బంతి ఆగకుండా గ్రీన్ దాటి వెనక్కి దొర్లిపోతోంది. కొత్త కోర్సులు ఇలాగే ఉంటాయా, లేక సరిగ్గా చూసుకోకపోవడమా? ఇక్కడి స్కోర్లు హ్యాండిక్యాప్‌కి ఎక్కించొచ్చా?

టీ షీట్

ముందు లెక్క చూద్దాం. బయటివాళ్లు కట్టే మొత్తంలో గ్రీన్ ఫీజు ఎంత, కార్ట్ ఎంత అని విడదీయండి. సభ్యుడికి మామూలుగా తప్పేది గ్రీన్ ఫీజు ఒక్కటే. కార్ట్, క్యాడీ, రేంజ్ బంతుల డబ్బు ఎటూ కట్టాలి.

ఉదాహరణకు వార్షిక చందా 45 గ్రీన్ ఫీజులకు, ప్రవేశ రుసుము 50 గ్రీన్ ఫీజులకు సమానం అనుకుందాం. ప్రవేశ రుసుమును ఐదేళ్లకు పంచితే ఏడాదికి 10. అంటే సభ్యుడిగా ఏడాదికి 55 ఫీజులు. మీరు ఆడేది నెలకు మూడున్నర చొప్పున 42 రౌండ్లు. వాటిలో 21 సాయంత్రం రేటుకు, అది మామూలు ఫీజులో 60 శాతం అనుకుంటే, బయటివాడిగా మీకయ్యేది 33.6 ఫీజులు. ఇలాంటి లెక్క వస్తే డబ్బు కోసం చేరడంలో అర్థం లేదు. శని, ఆదివారాల్లో పొద్దున్నే టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) కావాలంటేనే చేరాలి.

ఆ టీ టైమ్ నిజంగా దొరుకుతుందా అన్నదే అసలు ప్రశ్న. 10 నిమిషాలకో నలుగురి గ్రూపును వదిలితే గంటకు 24 మంది, 6 నుంచి 9 దాకా 72 మంది. సభ్యులు 400 మందై, వాళ్లలో అయిదో వంతు వచ్చినా 80 మంది. నిండిపోయింది. అందుకే సభ్యుల సంఖ్యకు గరిష్ఠ పరిమితి ఒప్పందంలో రాసి ఉందో లేదో చూడండి. నోటిమాట లెక్కలోకి రాదు. బుకింగ్ సభ్యులకు ఎన్ని రోజుల ముందు తెరుస్తారు, బయటివాళ్లకు ఎన్ని రోజుల ముందు, సభ్యులకే కేటాయించిన గంటలున్నాయా, కంపెనీ టోర్నమెంట్లకు ఏడాదిలో ఎన్ని రోజులు కోర్సు మూస్తారు, ఇవన్నీ రాతలో ఉండాలి.

తర్వాత వాపసు నిబంధన. "డిపాజిట్ తిరిగిస్తాం" అన్న మాట కింద "మీ స్థానంలో కొత్త సభ్యుడు చేరాక" అని ఉంటే అది వరుసలో నిలబడే డబ్బు, ఎప్పుడొస్తుందో చెప్పలేం. మీకొచ్చేది ఆడే హక్కు మాత్రమేనా, యాజమాన్యంలో వాటా కూడానా అన్నది తేల్చుకోండి. మరమ్మతులకు, క్లబ్‌హౌస్ కట్టడానికి సభ్యుల నుంచి అదనపు వసూలు చేసే అధికారం వాళ్లకుందా? నెలకు ఇంత తిండి, పానీయాల ఖర్చు తప్పనిసరి అనే షరతుందా? రేపు కోర్సును పూర్తిగా ప్రైవేటు చేస్తే మీ చందా ఏమవుతుంది? బ్రోషర్ బొమ్మల్లోని క్లబ్‌హౌస్‌కు తేదీ లేకపోతే అది లేనట్టే లెక్క వేసుకోండి.

ఇసుక పాళ్లు

గ్రీన్ల సంగతి నేను చెప్తాను. గట్టిదనం చూసి నిర్వహణను తప్పుపట్టకండి. యూఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం) పద్ధతిలో కట్టిన గ్రీన్‌లో అడుగున 10 సెంటీమీటర్ల కంకర, దాని మీద 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం ఉంటాయి. పాత గ్రీన్‌లో గడ్డికీ ఇసుకకూ మధ్య చచ్చిన కాడలు, వేర్లతో ఒక మెత్తటి పొర పేరుకుని బంతి దెబ్బను పీల్చుకుంటుంది. కొత్త గ్రీన్‌లో ఆ పరుపు ఇంకా ఏర్పడలేదు, బంతి దాదాపు నేరుగా ఇసుకను తాకుతోంది. రెండు మూడేళ్లకు మెత్తబడుతుంది. తొందరపడి నీళ్లు దట్టిస్తే పైన మెత్తబడినట్టు కనిపిస్తుంది గానీ వేర్లు పైపైనే ఉండిపోతాయి.

కొత్త గ్రీన్లకు ఇంకో చిత్రమైన గుణం ఉంది. లేత గడ్డిని మరీ పొట్టిగా, 3 మిల్లీమీటర్ల దాకా, కోస్తే చెక్కుకుపోతుందని మొదట్లో ఎత్తుగానే ఉంచుతారు. దాంతో పైనుంచి దిగిన బంతి ఆగదు, పట్ చేసిన (గ్రీన్ మీద దొర్లించిన) బంతి హోల్ దాకా చేరదు. రెండూ ఒకే గ్రీన్ మీద జరుగుతుంటే అది కొత్తదనమే.

లోపాన్ని వేరే గుర్తులతో పట్టాలి. గడ్డి నీలం బూడిద రంగుకు తిరిగి, అడుగు తీసినా పాదం ముద్ర అలాగే ఉండిపోతే నీరు చాలట్లేదు. పొద్దున్నే హోల్ మార్చేటప్పుడు తీసిన మట్టి దిమ్మను చూపించమని అడగండి, మంచి సూపరింటెండెంట్ సంతోషంగా చూపిస్తాడు. తెల్లటి వేర్లు కిందిదాకా దిగి ఉంటే బాగున్నట్టు. నల్లటి చార, కుళ్లిన గుడ్ల వాసన ఉంటే నీరు కిందికి దిగడం లేదు. అలా ఉంటే సభ్యత్వం ఆలోచన పక్కన పెట్టండి.

ఇక ఆట. జెండాకు దూరం చూసి క్లబ్ ఎంచుకోవద్దు, గ్రీన్ ముందంచు దూరం చూడండి. ముందు దారి తెరిచి ఉంటే ఒక క్లబ్ తగ్గించి 5 నుంచి 10 గజాల ముందే దింపి దొర్లనివ్వండి. గ్రీన్ పక్కనుంచి 8 ఐరన్‌తో తక్కువ ఎత్తులో తోసే చిప్, బాగా ఎత్తుకు లేపే లాబ్ షాట్ కంటే నమ్మకమైనది.

బంకర్లలో (ఇసుక గుంటల్లో) ఇసుక ఇంకా కుదురుకోలేదు కాబట్టి ఎత్తునుంచి పడ్డ బంతి సగం కూరుకుపోతుంది. బంతి పైన ఉంటే 12 నుంచి 14 డిగ్రీల బౌన్స్ (క్లబ్ అడుగుభాగం కోణం) ఉన్న వెడ్జ్‌తో, క్లబ్ ముఖం తెరిచి ఆడండి. కూరుకుపోతే మాత్రం ముఖం మూసి నిటారుగా దింపాలి, లేకపోతే బౌన్స్ ఇసుక మీద జారిపోతుంది. ఆ బంతికి స్పిన్ ఉండదు, బాగా దొర్లుతుంది, అందుకు చోటు చూసుకోండి.

పిచ్ మార్క్ (బంతి దిగిన చోట గ్రీన్ మీద పడ్డ గుంట) బాగుచేసేటప్పుడు ఫోర్క్‌తో అడుగునుంచి పైకి ఎత్తకండి, లేత వేర్లు తెగుతాయి. అంచులనుంచి మధ్యకు నొక్కి, పట్టర్‌తో సమం చేయండి. కార్ట్‌ను ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి దారి) మీద గిరుక్కున తిప్పవద్దు, పాకుతున్న గడ్డి తీగలు తెగితే అక్కడ నెలల తరబడి మట్టే కనిపిస్తుంది.

రూల్ 16

స్కోర్ల విషయం. గుర్తింపు ఉన్న గోల్ఫ్ సంఘం ఆ టీలకు (తొలి దెబ్బ కొట్టే చోట్లకు) కోర్స్ రేటింగ్ (మేటి ఆటగాడికి అయ్యే స్కోరు అంచనా), స్లోప్ రేటింగ్ (అతనితో పోలిస్తే మామూలు ఆటగాడికి ఎంత కష్టమో చెప్పే అంకె) ఇచ్చేదాకా స్కోరు ఎక్కదు. కార్డు మీద గజాలు ముద్రించి ఉన్నంత మాత్రాన రేటింగ్ అయినట్టు కాదు. కొత్త కోర్సులు మొదటి ఏళ్లలో బాగా మారతాయి కాబట్టి తొలి రేటింగ్ తర్వాత ఐదేళ్లలోపు మళ్లీ రేటింగ్ చేయించాలి.

రేటింగ్ వచ్చాక టీల మధ్య తేడా చూడండి. ఇండెక్స్‌ను స్లోప్‌తో గుణించి 113తో భాగించి, కోర్స్ రేటింగ్‌లోంచి పార్ (కోర్సుకు నిర్ణయించిన స్ట్రోకుల సంఖ్య) తీసేసిన అంకె కలపాలి. వెనక టీల స్లోప్ 131, రేటింగ్ 73.1, పార్ 72 అయితే మీ 19.6కు 24 స్ట్రోకులు. ముందు టీలు 122, 69.4 అయితే 19. డ్రైవర్‌తో మీ సగటు 200 గజాలైతే 5,200 నుంచి 5,400 గజాల టీలు సరిపోతాయి.

ఆడేముందు స్కోరుకార్డు వెనక స్థానిక నిబంధనలు చదవండి, కొత్త కోర్సులో వాటి అవసరం ఎక్కువ. రిపేరులో ఉన్న నేలగా గుర్తించిన చోట పెనాల్టీ లేకుండా, పూర్తి ఉపశమనం దొరికే దగ్గరి బిందువు నుంచి ఒక క్లబ్ పొడవులో, హోల్‌కు దగ్గర కాకుండా బంతిని డ్రాప్ చేయొచ్చు (చేతినుంచి జారవిడవొచ్చు). దాన్నే నో ప్లే జోన్ అని ప్రకటిస్తే డ్రాప్ తప్పనిసరి. గడ్డి పలకల అతుకులో బంతి పడితే ఉపశమనం ఆ స్థానిక నిబంధన అమల్లో ఉంటేనే. అది అమల్లో ఉన్నా, అతుకు కాళ్ల కింద పడిందన్న కారణం చాలదు.

బంకర్లో రాళ్లు 2019 నుంచి తీసేయొచ్చు, తీసేటప్పుడు బంతి మాత్రం కదలకూడదు. కూరుకుపోయిన బంతికి అక్కడ ఉచిత ఉపశమనం లేదు. ఆడలేనని ప్రకటిస్తే బంకర్ లోపల డ్రాప్‌కు ఒక స్ట్రోకు, బయట, హోల్ నుంచి బంతి మీదుగా వెనక్కి సాగే రేఖ మీద అయితే రెండు.

బోగీ బాటసారి

చాలా థాంక్సండీ. మరి నెలాఖరు దాటితే తగ్గింపు పోతుంది కదా, ఈలోపు ఏం చూడగలను?

టీ షీట్

రెండు రౌండ్లు చాలు. ఒకటి శనివారం ఉదయం, గ్రూపుల మధ్య ఎంతసేపు ఆగాల్సి వస్తోందో హోల్ హోల్‌కూ రాసుకోండి. మొత్తం రౌండ్ నాలుగున్నర గంటలు దాటితే టీ టైమ్‌లు ఇరికించి అమ్ముతున్నారనే అనుమానించాలి.

రెండోది పెద్ద వాన కురిసిన మర్నాడు. అక్కడ నీటి పారుదల బయటపడుతుంది. బంకర్ గోడల ఇసుక జారి కింది మట్టి కనబడుతోందా, ఫెయిర్‌వే పల్లాల్లో మధ్యాహ్నానికీ నీరు నిలిచే ఉందా, కార్ట్‌లను దారి దాటనివ్వడం లేదా చూడండి. ఆ నిలిచిన నీటి ఫోటోలు పట్టుకెళ్లి, ఎప్పటికి సరిచేస్తారో తేదీతో సహా రాసిమ్మని ఆఫీసులో అడగండి.