రీయూనియన్‌లో కాన్యనింగ్: ఈత రానివాళ్లకు ఏ లోయ నయం?

ఆగస్టులో మా ఆవిడా నేనూ హిందూ మహాసముద్రంలో ఉన్న ఫ్రాన్స్ వారి రీయూనియన్ దీవికి వెళ్తున్నాం. గైడ్‌తో కాన్యనింగ్ (లోయలో వాగు వెంట తాళ్లతో దిగుతూ, జారుతూ, దూకుతూ వెళ్లడం) చేయాలని ఉంది కానీ రెండు లోయల మధ్య తేల్చుకోలేకపోతున్నా. సిలావోస్ దగ్గరి ఫ్లర్ జోన్‌లో తాడు మీద జలపాతం పక్కనే దిగడమే ఎక్కువ, పెద్దది 50 మీటర్ల పైనే. సలాజీ వైపు ట్రూ బ్లాన్‌లో రాళ్ల మీద జారడం, మడుగుల్లోకి దూకడం. తనకి ఈత రాదు, ఎత్తంటే మాత్రం లెక్కలేదు. నాది రివర్సు: మూడో అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటేనే అరికాళ్లు జివ్వుమంటాయి. పైగా సిలావోస్ దారిలో 400 మలుపులట, నాకు తిరుమల ఘాట్‌లోనే కవరు చేతిలో ఉండాలి! వెట్‌సూట్, లైఫ్ జాకెట్ ఉంటే ఈత రాకపోయినా ట్రూ బ్లాన్ ఫర్వాలేదా? ఒక్కో గైడ్ వెంట ఎంతమంది దాకా ఉండొచ్చు? మాకు ఫ్రెంచ్ రాదు, తాడు మీద వేలాడుతుంటే గైడ్ మాట అర్థం కాకపోతే ఎలా అని అదో టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.