గుర్మాలకు చిలుం పట్టింది, ఏం చేయాలి?

హన్మకొండ_కొత్త_మేస్త్రి: అన్నలకు నమస్తే. రెండు నెలల కింద కొత్త గుర్మాల, అంటే గోడ గిలాబు (ప్లాస్టరింగ్) నున్నగా చేసే ఇనుప పలక, కొన్నాను. వానకు నాలుగు రోజులు పని ఆగితే గోనెసంచిలో చుట్టి పెట్టాను. తీసి చూస్తే అంచంతా ఎర్రగా చిలుం. మూడు సంగతులు చెప్పండి. ఉన్న చిలుం ఎట్ల పోతుంది? మళ్ళీ రాకుండా ఏం రాయాలి? పిడి కూడా లూజైంది, అదెట్ల బిగించాలి?

పరకాల_సుతారి: గోనెసంచిలో చుట్టినవా తమ్మీ! తడి సంచిలో పెట్టి, చిలుం ఎందుకొచ్చిందని అడుగుతున్నవా? సిమెంటు మాలు ఆరకముందే కడగాలి, పొడి బట్టతో తుడవాలి, కాసేపు ఎండకు పెట్టాలి. 30 ఏళ్ల నుంచి నాది ఇదే పద్ధతి. నా చేతిలో ఉన్న తాపీ మా నాయనది. అరిగి అరిగి అరచేతంత మిగిలింది గానీ చిలుం మాత్రం ఎరగదు.

కాజీపేట_గిలాబు: అంత కష్టం ఎందుకు? పాత ఇంజన్ ఆయిల్ రుద్ది పెట్టు. మెకానిక్ దగ్గర ఉత్తగనే ఇస్తారు.

ములుగురోడ్డు_ఇల్లు: ఇదిగో, ఈ ఆయిల్ వాళ్ల కోసమే చూస్తున్నా. మా హాల్లో తెల్ల పుట్టీ మీద నల్ల చారలు. రెండు సార్లు పెయింటు వేసినా కింద నుంచి తేలుతున్నాయి. మేస్త్రిని అడిగితే "గోడ తడిగా ఉంది సార్" అన్నాడు. గోడ కాదు, ఆయన గుర్మాల!

కాజీపేట_గిలాబు: తుడవకుండా పనికి దిగితే తప్పు ఆయిల్‌దా?

ములుగురోడ్డు_ఇల్లు: రోజూ పొద్దున బట్ట పట్టుకుని మీ వెనక తిరగాలా? డబ్బులు ఇచ్చేది నేనే, తుడిచేది కూడా నేనేనా?

కాజీపేట_గిలాబు: డబ్బులు టైంకి ఇచ్చినవా ముందు అది చెప్పు.

పుట్టీ_పని_జనగామ: కొట్లాట ఆపండి. పాత ఆయిల్‌లో మసి ఉంటుంది, జిడ్డు మీద పుట్టీ పట్టదు. రెండు చుక్కల కొబ్బరినూనె చాలు. చలికాలంలో గడ్డకడుతుంది, వేలితో రుద్దితే కరుగుతుంది. అయినా పొద్దున తుడవాల్సిందే.

షార్జా_జగిత్యాల: సిమెంటు పనోళ్లకు, జిప్సం పనోళ్లకు ఒకటే మందు చెప్తే ఎట్ల? సిమెంటు మాలులో క్షారం ఎక్కువ, పీహెచ్ 12 పైనే. అందులో ఉన్నంతసేపు ఇనుముకు చిలుం రాదు. స్లాబులో సలాకలు నిలిచేది అందుకే. జిప్సంకు ఆ గుణం లేదు. ఇక్కడ సాయంత్రం కడగకుండా వదిలేస్తే తెల్లారేసరికి మచ్చలు. పక్కన సముద్రం, గాలిలో ఉప్పు, అది వేరే బాధ.

పరకాల_సుతారి: సిమెంటుకు చిలుం రాదంటవు. మరి ఈ తమ్ముడిదానికి ఎందుకొచ్చింది?

షార్జా_జగిత్యాల: కడిగినంక వచ్చింది కాకా. నీళ్లతో మాలు పోయింది, క్షారమూ పోయింది, తడి మిగిలింది.

పరకాల_సుతారి: అంటే కడగొద్దంటవా?

షార్జా_జగిత్యాల: కడిగినంక ఆరబెట్టమంటున్నా. నువ్వు పైన చెప్పిందే కాకా!

నర్సంపేట_88: గట్టిపడ్డ సిమెంటు పోవాలని నేను బాత్రూం యాసిడ్ పోశాను. సిమెంటు పొంగి పోయింది, గుర్మాల తళతళ మెరిసింది. తెల్లారి చూస్తే ముందుకన్నా ఎర్రగా ఉంది. సుత్తెతో కొడితే అంచు వంగింది. ఇప్పుడు దాంతో మా ఇంటామె పొయ్యి బూడిద ఎత్తుతోంది.

ఐటీఐ_సార్: పాతికేళ్లుగా పిల్లలకు లోహాల పాఠం చెప్తున్నాను, వినండి. స్టెయిన్‌లెస్ కొంటే గొడవే ఉండదు. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, పైన కంటికి కనబడని పొర కడుతుంది. కాకపోతే మీరు చెప్పే యాసిడ్ తగిలితే దానికీ సన్న గుంతలు పడతాయి. అసలు ఉక్కు అంటే మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రందే, డమాస్కస్ కత్తులకు ఇక్కడి నుంచి కూడా పోయేది.

కాజీపేట_గిలాబు: ఆ కత్తితో గిలాబు చేస్తారా సార్?

పుట్టీ_పని_జనగామ: దానికి చిలుం పట్టేదా, లేదా?

ఐటీఐ_సార్: పట్టేది. అందులో కార్బన్ ఎక్కువ, క్రోమియం లేదు. నూనె రాసే దాచుకోవాలి.

కాజీపేట_గిలాబు: చూసిండ్రా! నూనె!

ములుగురోడ్డు_ఇల్లు: ఇంజన్ ఆయిల్ అనలేదు ఆయన.

హన్మకొండ_కొత్త_మేస్త్రి: చింతపండు గుజ్జు గంట సేపు పట్టించి, సన్న ఇసుక కాగితంతో రుద్దాను. చాలావరకు పోయింది. రివిట్ల సందులో ఇంకా ఉంది. కడిగి, ఆరబెట్టి, కొబ్బరినూనె రాశాను. పిడి సంగతి ఎవరూ చెప్పలేదు అన్నా.

పరకాల_సుతారి: రివిట్ల సందులో తడి నిలిచే పిడి లూజైతది. కొలిమి దగ్గరికి పోయి కొత్త రివిట్లు కొట్టించుకో. మేకులు గిట్ల దిగ్గొట్టకు, చెక్క పగులుతది.

ములుగురోడ్డు_ఇల్లు: పిడి అయిపోయింది కదా, మా హాలు గోడకు ఏం చేయాలో కూడా ఎవరైనా చెప్పండి.

కాజీపేట_గిలాబు: గీకి మళ్ళీ పుట్టీ పెట్టించు. నేను వస్త, కూలి ముందే ఇవ్వాలి.